లువాంగ్ ప్రబాంగ్ వెళ్లే జంటలకు: అపోహలు – వాస్తవాలు

ట్రిప్పులు ప్లాన్ చేసి పెట్టడం నా పని. వీపున బ్యాగు తగిలించుకుని తక్కువ ఖర్చులో తిరిగే జంటలే ఎక్కువగా వస్తారు. బ్యాంకాక్ టికెట్లు తీసుకున్నాక, "లావోస్‌లో నది ఒడ్డున ఏదో పాత ఊరుందటగా, అదీ చూసేస్తామండీ, ఒక్క రోజు చాలు కదా" అంటారు. ఆ ఊరే లువాంగ్ ప్రబాంగ్. ఆ "ఒక్క రోజు" దగ్గరే మొదలుపెడతాను.

అపోహ: చిన్న ఊరు, ఒక్క రోజు చాలు.

చిన్న ఊరే. మెకాంగ్ నదిలో నామ్ ఖాన్ నది కలిసే చోట నాలుకలా సాగిన నేల మీద ఉంది. పాత ఊరిని అరగంటలో ఈ చివర నుంచి ఆ చివరకు నడిచేయొచ్చు. 1995లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. కానీ ఇక్కడ దేనికదే ఒక వేళ. బౌద్ధ భిక్షువులు భిక్షకు వచ్చేది తెల్లవారుజామున, ఆ వెంటనే పొద్దుటి సంత, మూడు వందలకు పైగా మెట్లున్న ఫూసీ గుట్ట సూర్యాస్తమయానికి. ముప్పై కిలోమీటర్ల దూరంలోని క్వాంగ్ సీ జలపాతానికి ఒక పూట పోతుంది. మూడు రాత్రులకు తగ్గితే నేను ప్లాన్ చేయను.

అపోహ: తెల్లవారుజాము భిక్ష టూరిస్టుల కోసం పెట్టిన షో.

నాకు బాగా కోపం తెప్పించే మాట ఇది. కాషాయ వస్త్రాల్లో భిక్షువులు చెప్పుల్లేకుండా వరుసగా వస్తారు. ఊరివాళ్లు చాపల మీద మోకాళ్లపై కూర్చుని, వెదురు బుట్టలోంచి చిన్న అన్నం ముద్ద తీసి ఒక్కో పాత్రలో వేస్తారు. ఎవరూ మాట్లాడరు. కాసేపు ఓపిగ్గా చూస్తే ఇంకోటి కనిపిస్తుంది: వరుస చివర ఖాళీ బుట్టలు పెట్టుకుని పేద పిల్లలు కూర్చుంటారు, భిక్షువులు తమకు వచ్చిన దాంట్లోంచి కొంత తీసి ఆ బుట్టల్లో వేస్తారు. ఫోన్ పట్టుకుని వరుసకు అడ్డం పడేవాళ్ల కంట ఇది పడదు. షోలా అనిపిస్తోందంటే, అలా చేస్తున్నది చూడటానికొచ్చిన మనమే. రోడ్డుకు అవతలి పక్కన నిలబడండి. ఫ్లాష్ వద్దు. ఆడవాళ్లు భిక్షువులకు తగలకూడదు. మీరూ వేయాలనుకుంటే రోడ్డు మీద అంటగట్టే అన్నం కొనకండి, బస చేసిన చోట ముందురోజే చెబితే వండి ఇస్తారు.

అపోహ: బౌద్ధుల దేశం, శాకాహారానికి ఢోకా లేదు.

ఇంకొందరు దీనికి సరిగ్గా ఎదురు చెబుతారు: "మనం తినేది ఏదీ దొరకదు, పచ్చళ్లు మోసుకెళ్లాల్సిందే." రెండూ తప్పే. ఇక్కడి భిక్షువులు పెట్టినది తింటారు, మాంసమైనా సరే. కూర మొత్తం ఆకులే అయినా పాడేక్ అనే పులిసిన చేపల రసం పడి ఉండొచ్చు. జేవ్ బాంగ్ అనే మిరపకాయల పచ్చడి చూడగానే మనవాళ్లకు ప్రాణం లేచొస్తుంది గానీ, అందులో గేదె తోలు ముక్కలుంటాయి. "బొ సై పాడేక్, బొ సై నాం పా, బొ సై సీన్" అని నేర్చుకోండి. పాడేక్ వద్దు, ఫిష్ సాస్ వద్దు, మాంసం వద్దు అని అర్థం.

అన్నానికి మాత్రం లోటుండదు. వీళ్లది జిగురు బియ్యం. రాత్రి నానబెట్టి, పొద్దున్నే శంకువులాంటి వెదురు బుట్టలో పోసి, సన్నటి మూతి గిన్నె మీద ఆవిరికి పెడతారు, మన ఆవిరి కుడుముల్లాగే. ఎసరు, గంజి గొడవే లేదు. చేత్తో ఉండ చేసి అద్దుకుని తినడమే. చేత్తో తినడానికి మనం మొహమాటపడక్కర్లేని ఊరు! నది నాచును పలచగా పరిచి, నువ్వులు, టమాటా చక్రాలు చల్లి ఎండబెట్టి వేయించే ఖై పేన్ మన అప్పడాల్లా కరకరలాడుతుంది.

అపోహ: పడవ ప్రయాణమే చవక, సుఖం.

థాయ్ సరిహద్దు దగ్గరి హువాయ్ సాయ్ నుంచి నెమ్మది పడవలో రెండు రోజులు. మధ్యలో పాక్‌బెంగ్‌లో రాత్రి బస. చాలా పడవల్లో పాత వ్యాన్ల సీట్లే బిగించి ఉంటాయి. దిగే రేవు ఊరికి దూరం, అక్కడి నుంచి టుక్‌టుక్ ఖర్చు వేరే. నడుం నొప్పి ఉన్నవాళ్లను నేను పంపను. మిగతావాళ్లకు మాత్రం ఆ రెండు రోజులే ట్రిప్పులో గుర్తుండిపోతాయి. స్పీడ్ బోటు జోలికి వెళ్లకండి, హెల్మెట్ పెట్టి మరీ ఎక్కిస్తారంటేనే సంగతి అర్థమవుతుంది.

2021 డిసెంబరు నుంచి రైలు కూడా ఉంది. రాజధాని వియంటియాన్ నుంచి రెండు గంటలే. స్టేషన్‌లో తనిఖీ విమానాశ్రయంలో మాదిరే ఉంటుంది. మా దోమల స్ప్రే, చిన్న కత్తెర అక్కడే వదిలేశాం.

అపోహ: వేసవి సెలవులకు బాగుంటుంది.

మార్చి, ఏప్రిల్‌లలో చుట్టుపక్కల కొండల్లో పోడు కోసం అడవి తగలబెడతారు. పొగ పట్టేసి ఫూసీ ఎక్కినా మెకాంగ్ మసకమసకగా కనిపిస్తుంది. ఆస్తమా ఉంటే అసలొద్దు. నీళ్లు చల్లుకునే పీ మాయ్ కొత్త సంవత్సరం ఏప్రిల్ మధ్యలో వస్తుంది, ఆ సరదా కోసమైతే మీ ఇష్టం. వానల్లో క్వాంగ్ సీ నీలం పోయి మట్టిరంగుకు మారుతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచిది. పొద్దున్నే చలి, స్వెట్టర్ పెట్టుకోండి.

అపోహ: జంటగా వెళ్తే పెళ్లి సర్టిఫికెట్ అడుగుతారు.

నన్ను గొంతు తగ్గించి అడిగేది ఇదొక్కటే. విదేశీ జంటల దగ్గర పాస్‌పోర్టులు రాసుకుంటారు, అంతే. గుళ్ల దగ్గర మాత్రం చేతులు పట్టుకోకుండా, భుజాలూ మోకాళ్లూ కప్పుకుని తిరగండి.

అపోహ: కంబోడియాలో ఆంగ్కోర్ గుళ్లు చూశాక ఇక్కడి గుళ్లలో చూడ్డానికేముంది?

ఇక్కడివి రాతి గుళ్లు కావు. 1560 ప్రాంతంలో సెట్టాతిరాత్ రాజు కట్టించిన వాట్ సియెంగ్ థాంగ్ కప్పు నేలను తాకుతుందేమో అన్నట్టు వంగి ఉంటుంది. ఆ ఆవరణలో రాజుల అంతిమయాత్ర రథం ఉంచిన మందిరం ముందుభాగం నిండా బంగారు పూత చెక్కడాలు. దగ్గరికెళ్లి చూడండి, రామాయణమే. లావో రామాయణం పేరు ఫ్రా లక్ ఫ్రా లామ్, అందులో లక్ష్మణుడి పేరే ముందు! మా అత్తగారికి చెబితే ఇప్పటికీ నమ్మరు.

అపోహ: బ్యాక్‌ప్యాకర్ల ఊరు, రాత్రంతా సందడే.

పదకొండున్నరకల్లా ఊరు పడుకుంటుంది. మొదటిసారి వెళ్లినప్పుడు నేనూ మా ఆయనా నది ఒడ్డున కబుర్లలో పడి ఆలస్యంగా వచ్చాం. గెస్ట్‌హౌస్ గేటుకు తాళం. పది నిమిషాలు మెల్లగా తట్టాక యజమానురాలు నిద్రకళ్లతో వచ్చి తీసింది. సారీ ఎలా చెప్పాలో తెలియక ఇద్దరం దండం పెట్టాం. పొద్దున టిఫిన్‌లో ఎప్పటిలాగే అరటిపళ్లు పెట్టింది, పక్కనే చిన్న చీటీ: "గేటు 11".