వేడెక్కే గేమ్ కన్సోల్: అపోహలు - వాస్తవాలు

విశాఖలో ఎండలు ముదిరాయంటే, ఆట మధ్యలో ఆగిపోయిన ప్లేస్టేషన్లు మా రిపేరు బల్ల మీదికి వరుసగా వస్తాయి. తెచ్చినవారిలో చాలామంది నోట వచ్చే మాట ఒక్కటే: “థర్మల్ పేస్టు ఎండిపోయిందటండీ, మార్చేయండి.” థర్మల్ పేస్టు అంటే చిప్ వేడిని దాని మీదుండే లోహపు రెక్కల దిమ్మకు, అంటే హీట్ సింక్‌కు, చేరవేసే ముద్ద.

అపోహ: కన్సోల్ వేడెక్కిందంటే పేస్టు పోయినట్లే, దాన్ని ఇంట్లోనే మార్చుకోవచ్చు.

వాస్తవం: నేను విప్పిన వాటిలో ఎక్కువ భాగం దుమ్ముతో గాలి ఆడక వేడెక్కినవే. మన సముద్రపు గాలిలోని తేమ, ఉప్పు తగిలిన దుమ్ము హీట్ సింక్ రెక్కల మధ్య పొడిగా రాలిపోదు. అట్టకట్టి అక్కడే ఉండిపోతుంది. ఓడరేవు పక్కనున్న పాత నగరం ఇళ్ల నుంచి వచ్చే కన్సోళ్లలో ఆ అట్ట నల్లగా ఉంటుంది. అందువల్ల ఒక్క స్క్రూ కూడా విప్పకముందే, ఆట నడుస్తుండగా వెనుక గాలి వచ్చే చోట అరచేయి పెట్టి చూడండి. ఫ్యాన్ హోరుమంటున్నా చేతికి గాలి సరిగా తగలకపోతే దారి మూసుకుపోయినట్లు. గాలి ధారాళంగా వస్తూ గోరువెచ్చగానే ఉండి, అయినా కన్సోల్ వేడి హెచ్చరిక చూపి ఆగిపోతుంటే, అప్పుడు పేస్టును అనుమానించాలి. ఏళ్ల తరబడి వాడిన పీఎస్ 4 (ప్లేస్టేషన్ 4) విషయంలో ఆ అనుమానం నిజం కావచ్చు.

పీఎస్ 5 సంగతి పూర్తిగా వేరు. అందులో చిప్‌కూ హీట్ సింక్‌కూ మధ్య ఉండేది మామూలు పేస్టు కాదు, లిక్విడ్ మెటల్, అంటే ద్రవరూపంలో ఉండే లోహం. 2020 అక్టోబరులో సోనీ సంస్థే కన్సోల్‌ను విప్పి చూపిన వీడియోలో ఈ విషయం చెప్పింది. అది విద్యుత్తును ప్రసరింపజేస్తుంది. గాజువాక నుంచి వచ్చిన ఒక డిగ్రీ విద్యార్థి, పార్ట్‌టైమ్ జీతం కూడబెట్టి కొనుక్కున్న పీఎస్ 5ను ఇంట్లో విప్పి, ఆ లోహాన్ని గుడ్డతో తుడిచి పేస్టు రాశాడు. చిప్ పక్కనున్న చిన్న కెపాసిటర్ల (విద్యుత్తును నిల్వ ఉంచే భాగాల) మధ్య ఆవగింజంత వెండి బొట్టు మిగిలిపోయింది; స్విచ్ వేయగానే బోర్డు షార్టయింది. “అమ్మకు ఏం చెప్పాలండీ?” అని ఆ అబ్బాయి అడిగినప్పుడు నాకు నిజంగా బాధ కలిగింది, ఎందుకంటే ఆ కన్సోల్‌కు దుమ్ము తీస్తే సరిపోయేది. పీఎస్ 5 పక్క ప్లేట్లు స్క్రూలు లేకుండానే వస్తాయి. లోపల దుమ్ము చేరడానికి ఉంచిన రంధ్రాల దగ్గర వాక్యూమ్ క్లీనర్ పెడితే చాలు, అంతకు మించి లోపలికి వెళ్లనవసరం లేదు.

ఫ్రిజ్‌లో పెడితే చల్లబడుతుందన్నది శుద్ధ అబద్ధం. బయటికి తీయగానే మన ఉక్కపోతకు బోర్డు మీద నీరు చేరుతుంది. హీట్ గన్‌తో, ఓవెన్‌తో బోర్డును కాల్చడం, పాత ఎక్స్‌బాక్స్ 360కు తువ్వాలు చుట్టడం వంటి చిట్కాల వల్ల కన్సోల్ కొన్నాళ్లు పనిచేసినట్లు కనబడి మళ్లీ పడిపోతుంది. వాటిని ప్రచారం చేసేవారు ఆ రెండో భాగం చెప్పరు.

ఇంట్లో నిశ్చింతగా చేయదగిన పనులూ ఉన్నాయి. కన్సోల్‌ను టీవీ అరలోంచి బయటికి తీసి, గోడకు కనీసం 10 సెంటీమీటర్ల దూరంలో ఉంచండి. పీఎస్ 5కు సోనీ చెప్పిన గది ఉష్ణోగ్రత పరిమితి 35 డిగ్రీలు. మే నెల మధ్యాహ్నం మూసిన గదిలో అది సులభంగా దాటిపోతుంది. బ్లోయర్ కొట్టేటప్పుడు కన్సోల్ ప్లగ్ తీసి, ఫ్యాన్ రెక్క అందితే తిరగకుండా పట్టుకోండి. పవర్ సప్లై పెట్టెను మాత్రం ప్లగ్ తీశాక కూడా విప్పకండి, అందులోని కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది. ఇవన్నీ చేశాక కూడా ఆగిపోతుంటే, ఏ ఆట ఆడుతుండగా, ఎంతసేపటికి ఆగిందో కాగితం మీద రాసుకుని కన్సోల్‌తో పాటు తీసుకురండి.