మొక్కజొన్న వైవిధ్యం: గింజ రంగు చూసి చెప్పేది కాదు

ఆగస్టులో మా ప్రజనన క్షేత్రంలో (కొత్త రకాలు తయారుచేసే పొలంలో) పరాయి పుప్పొడి పడకుండా పీచులకు, అంటే కండె మీది ఆడపూతకు, సంచులు కడుతున్న వేళ వచ్చే సందర్శకుల దగ్గర ఏటా వినే మాటలివి.

అపోహ: ఇన్‌బ్రెడ్ మడిలో మొక్కలన్నీ అచ్చు గుద్దినట్లున్నాయి. అంటే వైవిధ్యం నశించినట్లే.

వాస్తవం: ఇన్‌బ్రెడ్ లైను అంటే తరతరాలుగా తన పుప్పొడితోనే గింజ కట్టించిన వంశం. ఒక లైను లోపల నశించిన మాట నిజమే. మొక్క పుప్పొడిని దాని పీచు మీదే రాల్చిన ప్రతి తరంలోనూ, జంటగా వేర్వేరు రూపాల్లో ఉన్న జన్యువులు సగానికి తగ్గుతాయి. ఆరు తరాలకు మిగిలేది 64వ వంతు. మొక్క పొట్టిపడుతుంది, కండె చిక్కిపోతుంది. చూసినవారికి జాలి కలగడం సహజం. మాకు కావలసిన వైవిధ్యం మాత్రం లైనుకూ లైనుకూ మధ్య ఉంటుంది. రాజేంద్రనగర్ మొక్కజొన్న పరిశోధన కేంద్రం ఇచ్చిన డీహెచ్‌ఎం 117 రెండు లైన్లను కలిపి చేసిన హైబ్రిడ్. దాని తల్లిదండ్రులు బీఎంఎల్ 6, బీఎంఎల్ 7. వరస సంఖ్యలు చూసి అన్నదమ్ములనుకునేరు, వంశాలు వేరు.

అపోహ: గింజ రంగులు వేరైతే వైవిధ్యం ఉన్నట్లే.

వాస్తవం: పసుపు, తెలుపు తేడాకు ఒక్క జన్యువు చాలు. తోబుట్టువులే రెండు రంగుల్లో ఉండవచ్చు.

అపోహ: విత్తనాల దుకాణంలో ఇన్ని కంపెనీల సంచులుండగా వైవిధ్యానికి లోటేమిటి?

వాస్తవం: 1970 వరకు అమెరికాలోనూ ఇదే ధీమా. హైబ్రిడ్ విత్తనం చేయాలంటే ఆడ వరుసల్లో మగపూతను పీకేయాలి. ఆ కూలి ఖర్చు తప్పించుకోవడానికి, పుప్పొడి రానివ్వని టెక్సస్ రకం కణద్రవ్యాన్ని (కణంలో కేంద్రకం బయట ఉండే పదార్థాన్ని) కంపెనీలు తల్లి లైన్లలోకి ఎక్కించాయి. కణద్రవ్యం బిడ్డకు తల్లి నుంచే వస్తుంది. దాంతో కేంద్రకంలోని జన్యువులు ఎన్ని రకాలైనా, ఆ దేశపు మొక్కజొన్నలో 80 శాతానికి పైగా ఒకే తల్లి సొత్తును మోస్తూ నిలబడింది. ఆకుఎండు తెగులు శిలీంధ్రంలో టి అనే తెగ సరిగ్గా ఆ కణద్రవ్యం ఉన్న మొక్కలనే కబళించింది. దేశ దిగుబడిలో దాదాపు 15 శాతం పోయింది. ఆ తర్వాత మగపూత పీకే కూలీలు మళ్లీ పొలాల్లోకి వచ్చారు. సంచి మీద పేరు కన్నా ముందు తల్లి ఏదని అడగడం నాకు అలవాటైంది ఈ కథ చదివాకే.

అపోహ: తల్లిదండ్రులు ఎంత దూరమైతే హైబ్రిడ్ అంత గొప్ప.

వాస్తవం: డీఎన్‌ఏ మార్కర్లు (లైన్ల మధ్య తేడాను పట్టిచ్చే డీఎన్‌ఏ గుర్తులు) చూపే దూరం పెళ్లి సంబంధంలో గోత్రం లాంటిది. ఒకటే అయితే వద్దని చెబుతుంది. వేరైనంత మాత్రాన కాపురం బాగుంటుందని హామీ ఇవ్వదు. కొత్తలో నేను కాగితం మీద అత్యంత దూరంగా ఉన్న లైన్లనే ఏరి కలిపాను. కొన్నిటిలో మగపూత, పీచు ఒకే సమయానికి రాలేదు. సంకరాల్లో చాలావాటిని మధ్యస్థ దూరపు జోడీ ఒకటి దిగుబడిలో దాటిపోయింది. పొలంలో పరీక్షించక తప్పదు.

అపోహ: ఎవరూ సాగుచేయని పాత విత్తనాన్ని దాచడం దండుగ.

వాస్తవం: ఓపేక్-2 అనే ఉత్పరివర్తనం సుద్దలాంటి మెత్తటి గింజతో దశాబ్దాలు ఊరికే పడి ఉంది. అందులో లైసిన్ (ప్రోటీన్‌లో ఉండే, ఆహారం నుంచే అందాల్సిన అమైనో ఆమ్లం) మామూలు గింజకు దాదాపు రెట్టింపని 1964లో పర్డ్యూ విశ్వవిద్యాలయంలో తేలింది. ఆ గింజను గట్టిపరచడానికి మెక్సికోలోని అంతర్జాతీయ మొక్కజొన్న, గోధుమ పరిశోధన సంస్థ సిమిట్‌లో సురీందర్ వాసల్, ఎవాంజెలీనా విల్లెగాస్ ఏళ్ల తరబడి శ్రమించారు. 2000లో ప్రపంచ ఆహార బహుమతి వారికి దక్కింది. మా శీతల గదిలోనూ ఎవరూ అడగని పొట్లాలు చాలా ఉన్నాయి. మొలక శాతం తగ్గినవాటిని ఏటా ఒక మూల మడిలో విత్తి, సంచులు కట్టి, తిరిగి విత్తనం చేసుకుంటాం.