సీలింగ్ ఫ్యాన్ చల్లబరిచేది మనిషిని, గదిని కాదు: కొన్ని అపోహలు, వాస్తవాలు

ఇళ్లలో కరెంటు వాడకాన్ని పరిశీలించి, ఖర్చు తగ్గే మార్గాలు సూచించడం నా వృత్తి. ఏసీ గురించీ, ఫ్రిజ్ గురించీ ఎన్నో వివరాలు అడిగేవారు సైతం, రోజులో అన్నిటికంటే ఎక్కువ గంటలు తిరిగే సీలింగ్ ఫ్యాన్ విషయంలో పాత నమ్మకాలతోనే సరిపెట్టుకోవడం నన్ను బాధపెడుతుంది.

అపోహ: ఫ్యాన్ వేసి ఉంచితే మనం వచ్చేసరికి గది చల్లబడుతుంది.

వాస్తవం: ఫ్యాన్ గాలిని కదిలిస్తుందే తప్ప దాని ఉష్ణోగ్రతను తగ్గించదు. ఒంటిని అంటుకుని ఉన్న వెచ్చని, తేమగల గాలిని తొలగించి, చెమట త్వరగా ఆరేలా చేస్తుంది కనుకనే మనకు రెండు మూడు డిగ్రీలు తగ్గినంత హాయి కలుగుతుంది. మనిషి లేని గదిలో ఆ ప్రయోజనం ఉండదు. పైగా మోటారు తీసుకున్న విద్యుత్తంతా చివరికి వేడిగానే మిగులుతుంది కాబట్టి, తలుపులు మూసిన ఖాళీ గదిలో తిరిగే ఫ్యాన్ ఆ గదిని కొద్దిగా వేడెక్కిస్తుంది కూడా. రాత్రి బయట చల్లబడ్డాక కిటికీలు తెరిచి ఫ్యాన్ నడపడం మాత్రం వేరు. అప్పుడు లోపలికి వచ్చిన చల్లగాలి గోడల వేడిని కొంత లాగుతుంది.

అపోహ: స్పీడు తగ్గించినా బిల్లు తగ్గదు.

వాస్తవం: పాత పెట్టె రెగ్యులేటర్ల కాలంలో ఈ మాటకు కొంత ఆధారం ఉండేది. ఫ్యాన్‌కు అందకుండా ఆపిన విద్యుత్తులో చాలా భాగం ఆ పెట్టెలోని తీగచుట్టలో వేడిగా వృథా అయ్యేది. తాకితే వెచ్చగా తెలిసేది. నేటి ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్లలో ఆ వృథా చాలా స్వల్పం. ఇంట్లో ఇంకా పెట్టె రెగ్యులేటరు ఉంటే ముందుగా దానిని మార్చండి.

ఫ్యాన్ నెమ్మదించగానే వైండింగ్ (మోటారులోని తీగచుట్ట) పోయిందనుకుని కొత్తది కొనేవారు చాలామంది. ఎక్కువ సందర్భాల్లో లోపం కండెన్సర్‌దే, అంటే మోటారు తిరగడానికి తోడ్పడే చిన్న విద్యుత్ భాగానిదే. 2.5 మైక్రోఫ్యారడ్లు ఉండవలసిన కండెన్సర్ కాలక్రమంలో బలహీనపడితే మోటారుకు తగిన తోపు అందదు. అదే విలువగల కొత్త కండెన్సర్ తక్కువ ఖర్చుతో దొరుకుతుంది. అయితే స్విచ్‌తో సరిపెట్టక మెయిన్ ఆపి, తెలిసినవారి చేతనే మార్పించాలి. రెక్కల అంచులకు పేరుకున్న దుమ్ము సైతం గాలిని తగ్గిస్తుంది.

అపోహ: బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ మోటారుతో నడిచే) ఫ్యాన్లు తక్కువ కరెంటు తీసుకుంటాయి కనుక గాలి కూడా తక్కువే ఇస్తాయి.

వాస్తవం: మామూలు 1200 మిల్లీమీటర్ల ఫ్యాన్ పూర్తి వేగంలో 70 నుంచి 80 వాట్లు తీసుకుంటుంది. అదే కొలత గల బీఎల్‌డీసీ ఫ్యాన్‌కు 30 వాట్ల ప్రాంతం చాలు. తిరిగే భాగంలో శాశ్వత అయస్కాంతాలు ఉండడం వల్ల మామూలు మోటారులో వేడిగా పోయే శక్తి ఇందులో మిగులుతుంది. గాలిలో కోత పెట్టి చేసిన పొదుపు కాదిది. అయినా అన్ని మోడళ్లూ ఒకటి కావు. 2023 జనవరి 1 నుంచి సీలింగ్ ఫ్యాన్లకు స్టార్ లేబుల్ తప్పనిసరి అయింది. ఒక్కో వాటుకు ఫ్యాన్ ఎంత గాలి ఇస్తుందన్నదే ఆ నక్షత్రాలకు ఆధారం. నక్షత్రాలతో పాటు మొత్తం గాలి ఎంతో కూడా చూసి కొనండి.

లెక్క వేద్దాం. రోజుకు 15 గంటలు తిరిగే 75 వాట్ల ఫ్యాన్ 1.125 యూనిట్లు ఖర్చు చేస్తుంది, 30 వాట్లది 0.45 యూనిట్లు. నెలకు తేడా దాదాపు 20 యూనిట్లు. మన రాష్ట్రాల్లో శ్లాబుల ప్రకారం బిల్లు వేస్తారు కనుక, ఆదా అయ్యేవి మీరు ఎక్కువ ధర చెల్లించే చివరి యూనిట్లే. అందుకే ఎక్కువసేపు తిరిగే ఫ్యాన్‌ను ముందు మార్చమంటాను. చుట్టాలు వచ్చినప్పుడే వాడే గదిలో పాతది ఉన్నా నష్టం లేదు. బీఎల్‌డీసీ ఫ్యాన్‌ను సాధారణంగా మామూలు ఫ్యాన్ రెగ్యులేటరుకు, అది పెట్టెదైనా ఎలక్ట్రానిక్‌దైనా, కలపకూడదు, దాని సర్క్యూట్ దెబ్బతినవచ్చు.

రెక్కలు ఎక్కువైతే గాలి ఎక్కువ అన్నది కూడా నిజం కాదు. రెక్కల వంపు, వాలు, మోటారు వేగం కలిసి గాలిని నిర్ణయిస్తాయి.

అపోహ: ఏసీ వేస్తే ఫ్యాన్ ఆపాలి.

వాస్తవం: నిజానికి రెండూ కలిసి నడిస్తేనే పొదుపు. ఏసీని 22కు బదులు 26 డిగ్రీల వద్ద ఉంచి ఫ్యాన్ తక్కువ వేగంలో తిప్పితే చాలామందికి హాయి తగ్గదు. ఒక్కో డిగ్రీ పెంచితే ఏసీ వాడకం సుమారు 6 శాతం తగ్గుతుందని ఇంధన సామర్థ్య సంస్థ బీఈఈ చెబుతోంది. ఆ పొదుపు ముందు ఫ్యాన్ ఖర్చు స్వల్పం.

అపోహ: ఎంత ఎండలోనైనా ఫ్యాన్ ఉంటే చాలు.

వాస్తవం: ఈ నమ్మకం ప్రాణాల మీదికి తేగలదు. మన చర్మం ఉష్ణోగ్రత దాదాపు 35 డిగ్రీలు. గాలి అంతకన్నా వేడెక్కితే ఫ్యాన్ ఆ వేడిని ఒంటికి చేరవేస్తుంది. చెమట బాగా ఆరుతున్నంతవరకే మేలు మిగులుతుంది. 40 డిగ్రీలు దాటితే ఫ్యాన్ శరీరాన్ని వేడెక్కిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తోంది. రామగుండం, రెంటచింతల వంటి చోట్ల మే నెలలో ఎండ 45 డిగ్రీలను కూడా తాకుతుంది. అలాంటి మధ్యాహ్నాల్లో, చెమట తక్కువ పట్టే వృద్ధులను పై అంతస్తు శ్లాబు కింద కేవలం ఫ్యాన్‌తో ఉంచకూడదు. పొడి వేడి ఉన్న చోట కూలరు పనిచేస్తుంది. అది లేకుంటే తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తూ, నీళ్లు తాగిస్తూ, వారిని కింది అంతస్తుకు మార్చాలి.