క్వినోవా: ధర పెరగకముందు జరిగిన కథ

అన్నంలా వండుకునే క్వినోవా గింజలు కొంటే, వాటిని పండించే దక్షిణ అమెరికా ఆండీస్ కొండల పేదల నోటి దగ్గరి కూడు లాక్కున్నట్టేనా? 2013 ప్రాంతంలో ధర ఎగబాకి, అక్కడి పేదలే కొనుక్కోలేరేమో అనిపించినప్పుడు పాశ్చాత్య పత్రికల్లో ఈ చర్చ గట్టిగా సాగింది. ప్రశ్న మంచిదే, కానీ కథ అక్కడ మొదలు కాలేదు.

పెరూ, బొలీవియాల మధ్య టిటికాకా సరస్సు చుట్టూ క్వెచువా, ఐమారా జనం వేల ఏళ్లుగా పండిస్తున్న పంట ఇది. అక్కడి నేల సుమారు 3,800 మీటర్ల ఎత్తున ఉంటుంది. రాత్రిళ్లు గడ్డకట్టే చలి, వాన తక్కువ, చాలాచోట్ల చౌడు. ఇంకో పంట చేతికిరాని చోట ఇది వస్తుంది. గింజ పైపొర చేదుగా ఉంటుంది కాబట్టి పిట్టలు పెద్దగా ముట్టవు. మనుషులు దాన్ని రుద్ది, పలుమార్లు కడిగి వండుకుంటారు. పాలు, చీజ్ వేసి పెస్కే చేస్తారు, పిండి ముద్దలను ఆవిరి మీద ఉడికించి కిస్పిన్యా చేస్తారు. మన చేలల్లో మొలిచే చక్రవర్తికూర దీనికి దగ్గరి చుట్టమే.

1532లో స్పెయిన్ సేనలు దిగాక గోధుమ, బార్లీలకు పెద్దపీట పడింది. క్వినోవాకు 'ఇండియన్ల తిండి', అంటే అక్కడి మూలవాసుల తిండి అన్న ముద్ర మిగిలింది. వలసపాలన పోయినా పట్టణాల్లో ఆ చిన్నచూపు పోలేదు. విత్తనం బతికిందంటే కొండల మీది రైతులు విడవకుండా నాటడం వల్లే.

అలాంటి విత్తనం మీద 1994లో అమెరికాలోని కొలరాడో స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు పేటెంట్ పొందారు. హైబ్రిడ్‌ల తయారీకి పనికొచ్చే మగ వంధ్యత్వ లక్షణం (పువ్వులో పనికొచ్చే పుప్పొడి రాకపోవడం) వాళ్లకు దొరికింది 'అపెలావా' అనే బొలీవియా రకంలో. ఆ రకాన్ని తరతరాలుగా ఎంచి కాపాడిన వాళ్లను ఎవరూ అడగలేదు. బొలీవియా క్వినోవా రైతుల సంఘం అనాప్‌క్వి అంతర్జాతీయంగా పోరాడింది. చివరికి 1998లో రుసుము కట్టకపోవడంతో ఆ పేటెంట్ రద్దయింది. నా దృష్టిలో ఈ మొత్తం కథలో అన్నిటికంటే ముఖ్యమైన మలుపు ఇదే. ధర గురించిన చర్చలో మాత్రం దీని ఊసే రాదు.

బొలీవియా చొరవతో ఐక్యరాజ్యసమితి 2013ను అంతర్జాతీయ క్వినోవా సంవత్సరంగా ప్రకటించింది. ధర ఉన్నంతకాలం పండించే కుటుంబాల చేతిలో డబ్బు ఆడింది. కానీ బొలీవియాలోని ఉయుని ఉప్పు మైదానం చుట్టూ లామాలు (ఒంటె జాతి పెంపుడు జంతువులు) మేసే బీళ్లను ట్రాక్టర్లతో దున్నేశారు. మేత తగ్గింది, మందలు తగ్గాయి, పొలానికి ఎరువూ తగ్గింది. దున్నిన నేల మీది మట్టి గాలికి కొట్టుకుపోయింది. ఇంతలో పెరూ తీరప్రాంతంలో నీటి వసతి ఉన్న పొలాల్లోకి పంట పాకింది, దిగుబడి పెరిగింది. 2015కల్లా ధర పడిపోయింది. ఆ దెబ్బ ఎక్కువగా తగిలింది నీటి వసతి లేని ఎత్తైన కొండ రైతులకే.