మాక్స్ పేన్ హక్కులు చేతులు మారిన కథ

మాక్స్ పేన్ అనే వీడియో గేమ్ మొదటి రెండు భాగాల్నీ రెమెడీ అనే స్టూడియో మళ్లీ కొత్తగా తయారుచేస్తుందని 2022 ఏప్రిల్లో ప్రకటన వచ్చింది. ఆట పుట్టించింది రెమెడీయే. డబ్బు పెట్టేది మాత్రం రాక్‌స్టార్ అనే ఇంకో గేమ్ కంపెనీ. మా మేనల్లుడికి అది మింగుడుపడలేదు. "మావయ్యా, వాళ్ల ఆట వాళ్లు చేసుకోడానికి ఇంకొకడితో ఒప్పందం ఏంటి?"

నాకు బరంపురం గేట్ బజార్‌లో మేం వెళ్లే నెట్ సెంటర్ గుర్తొచ్చింది. మార్కర్‌తో పేరు రాసిన కాపీ సీడీ, మాక్స్ పేన్ మొదలయ్యేముందు తెర మీద గ్యాదరింగ్ ఆఫ్ డెవలపర్స్ అని దాని పబ్లిషర్ పేరు. పొట్టిగా జీ-ఓ-డీ. మేం దేవుడి గేమ్ అనేవాళ్లం, పక్క సిస్టమ్ ఒడియా కుర్రాళ్లు ఠాకురొ గేమ్ అనేవాళ్లు.

ఆ పబ్లిషింగ్ లేబుల్ 1998 జనవరిలో అమెరికాలోని డల్లాస్‌లో పుట్టింది. మైక్ విల్సన్, హ్యారీ మిల్లర్ లాంటివాళ్లు పెట్టారు. ఎపిక్, 3డీ రెల్మ్స్, పాప్‌టాప్ సహా ఆటలు తయారుచేసే ఆరు స్టూడియోలు వెంట నిలబడ్డాయి. అప్పట్లో పబ్లిషర్ల పద్ధతి మా ఊరి పట్టు నేతగాళ్లకి చెప్తే చిటికెలో అర్థమవుతుంది: షావుకారు నూలు అప్పిస్తాడు, చీర పట్టుకుపోతాడు, లెక్క చూస్తే ఎప్పుడూ బాకీయే. ఆటల్లోనూ అంతే. అడ్వాన్సు తీరేదాకా రాయల్టీ రాదు, ఆట హక్కులేమో పబ్లిషర్‌వి. వీళ్లు మాత్రం హక్కులు మీవే, రాయల్టీ ఎక్కువిస్తాం అన్నారు. ఈ3 అనే పెద్ద గేమ్‌ల ప్రదర్శన జరుగుతుంటే లోపల స్టాల్ తీసుకోకుండా ఎదుటి పార్కింగ్ స్థలంలో జాతర పెట్టారు. ఆ తిక్క నాకు నచ్చుతుంది.

కానీ సరుకు దుకాణాలకి చేరాలంటే టేక్-టూ అనే పెద్ద పబ్లిషర్ మీదే ఆధారం. 2000లో టేక్-టూయే లేబుల్‌ని కొనేసింది. 2001లో స్థాపకుల్లో ఒకరైన డగ్ మైర్స్ చనిపోయారు, డల్లాస్ ఆఫీసు మూతపడి పని న్యూయార్క్‌కి పోయింది. చిత్రమేమిటంటే ఆ లేబుల్ పేరు మోసిన సీరియస్ శామ్, మాక్స్ పేన్ ఆటలు వచ్చింది ఆ ఏడాదే, మరుసటేడు మాఫియా. ఇల్లు కూలుతుంటే పంట ఇంటికొచ్చినట్టు. 2005లో టేక్-టూ 2కే అనే కొత్త లేబుల్ పెట్టుకుంది, పాత పేరు మరుగున పడింది.

మరి మాక్స్ పేన్ సంగతి? మావాడు అనుకున్నట్టు లేబుల్ లాక్కోలేదు. హక్కులు రెమెడీ, 3డీ రెల్మ్స్ దగ్గరే ఉన్నాయి. 2002లో వాళ్లే 1 కోటి డాలర్ల నగదుకీ, కొన్ని షేర్లకీ టేక్-టూకి అమ్మారు. రాక్‌స్టార్ కూడా టేక్-టూదే, అందుకే ఆ ఒప్పందం.

క్రొయేషియా స్టూడియో క్రొటీమ్ మాత్రం సీరియస్ శామ్‌ని అమ్ముకోలేదు. విల్సన్, మిల్లర్ 2009లో డెవాల్వర్ డిజిటల్ అనే కొత్త పబ్లిషర్‌ని మొదలుపెడితే, వాళ్లు తెచ్చిన మొదటి ఆట సీరియస్ శామ్ కొత్త రూపమే. 2020లో డెవాల్వర్ ఏకంగా క్రొటీమ్‌నే కొనేసింది.

ఇది చెప్తే మేనల్లుడు నవ్వాడు. "అంటే చీర వదిలేసి మగ్గం పట్టుకెళ్లారా?" అన్నాడు.