విదేశీ విద్యార్థుల నిరసనపై అమెరికా తీర్పు: నూరేళ్ల నేపథ్యం

గాజా యుద్ధాన్ని నిరసిస్తూ 2024 ఏప్రిల్‌లో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో గుడారాలు వెలిసినప్పటి నుంచి అమెరికాలో ఒక పాత వివాదం మళ్లీ రాజుకుంది. చదువుకోవడానికి వచ్చిన పరాయి దేశస్థులకు అక్కడ వీధికెక్కే హక్కు ఉందా అన్నది ఆ వివాదం. లేదనేవారు వీసాను ఆతిథ్యంగా చూస్తారు. అతిథి ఆ ఇంటి వ్యవహారాల్లో తలదూర్చకూడదంటారు. మన ఇళ్లలోనూ ఇదే మాట మరో రూపంలో వినిపిస్తుంది: "అప్పు చేసి పంపింది చదువుకోవడానికా, ధర్నాలు చెయ్యడానికా?" పొలం కుదువబెట్టి పిల్లల్ని పంపిన తల్లిదండ్రుల భయాన్ని తప్పుపట్టలేం. అయితే నూరేళ్లకు పైబడిన చరిత్రను తిరగేస్తే, అమెరికా ఈ నిరసనలను ఎన్నడూ ఒకే కొలతతో కొలవలేదని స్పష్టమవుతుంది. నిరసన ఏ ప్రభుత్వానికి వ్యతిరేకంగా సాగుతోంది, ఆ ప్రభుత్వంతో వాషింగ్టన్‌కు ఆ రోజున చెలిమి ఉందా, వైరం ఉందా అన్నదే చాలాసార్లు ఫలితాన్ని తేల్చింది.

ఈ చరిత్రలో తొలి అధ్యాయం భారతీయులదే. 1913లో అమెరికా పశ్చిమ తీరంలోని పంజాబీ కూలీలు, రైతులు, విద్యార్థులు కలిసి, భారత్‌లో బ్రిటిష్ పాలనను కూలదోయాలని గదర్ పార్టీని స్థాపించారు. కనిగిరి నుంచి ఉన్నత చదువుకు వెళ్లిన దరిశి చెంచయ్య కూడా అందులో చేరారు. బ్రిటిష్ ప్రభుత్వం ఒత్తిడి తెస్తూనే ఉన్నా, అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలో తటస్థంగా ఉన్నంతకాలం వీరిపై పెద్ద కేసు నడవలేదు. 1914లో వలస అధికారులు అరెస్టు చేసిన గదర్ నాయకుడు లాలా హర్‌దయాళ్ సైతం జామీనుపై బయటికొచ్చి స్విట్జర్లాండ్ చేరుకోగలిగారు. 1917లో అమెరికా బ్రిటన్ పక్షాన యుద్ధంలోకి దిగగానే పరిస్థితి తలకిందులైంది. జర్మనీ సాయంతో భారత్‌లో తిరుగుబాటుకు పథకం పన్నారంటూ శాన్‌ఫ్రాన్సిస్కోలో కుట్ర కేసు విచారణ మొదలైంది. విద్యార్థిగా వచ్చి అమెరికా పౌరసత్వం సంపాదించిన తారక్‌నాథ్ దాస్‌కు సైతం జైలు శిక్ష తప్పలేదు. అప్పటికి ఆయన చేతిలో ఉన్న పౌరసత్వం కూడా ఆయన్ను కాపాడలేదన్నది గమనించాలి.

ఇరాన్ విద్యార్థుల అనుభవం మరింత వివరంగా చెప్పుకోవలసినది. 1970లలో అమెరికాలోని విదేశీ విద్యార్థుల్లో వారి సంఖ్య వేగంగా పెరిగి, దశాబ్దం చివరికి 50 వేలు దాటింది. అప్పట్లో మరే దేశం నుంచీ అంతమంది లేరు. ఇరాన్ రాజు షా నియంతృత్వాన్ని ఎండగడుతూ వారు చేసే ఊరేగింపుల్లో చాలామంది ముఖాలకు కాగితపు ముసుగులు కట్టుకునేవారు. షా రహస్య పోలీసు విభాగం సావాక్ ఫొటోలు తీసి, స్వదేశంలోని కుటుంబాలను వేధిస్తుందన్న భయమే దానికి కారణం. 1977 నవంబర్ 15న షా వైట్‌హౌస్‌కు వచ్చినప్పుడు అనుకూల, వ్యతిరేక వర్గాలు బయట ఘర్షణ పడ్డాయి. పోలీసులు వదిలిన బాష్పవాయువు పచ్చిక మైదానంలోకి పాకి, స్వాగత సభలో ఉన్న అధ్యక్షుడు కార్టర్, షా ఇద్దరూ కళ్లు తుడుచుకోవలసి వచ్చింది. అమెరికా జనం దృష్టిలో ఆ విద్యార్థులు మిత్రదేశాధినేతను అవమానించిన గలాటా మూక.

రెండేళ్లకు టెహ్రాన్‌లోని అమెరికా రాయబార కార్యాలయంలో సిబ్బందిని బందీలుగా పట్టుకోవడంతో ఆ కోపం ఇరాన్ విద్యార్థులందరి మీదికీ మళ్లింది. వారందరూ వలస కార్యాలయాలకు వెళ్లి చిరునామా, చదువు ఆధారాలు చూపాలని 1979 నవంబర్‌లో కార్టర్ ఆదేశించారు. ఒక్క దేశస్థులను ఇలా వేరుచేయడం చెల్లదని జిల్లా న్యాయస్థానం డిసెంబర్‌లో చెప్పినా, అదే నెలలో అప్పీలు కోర్టు ఆ తీర్పును కొట్టేసింది. షాకు వ్యతిరేకంగా ముసుగు కట్టుకుని నడిచినవారూ, ఏనాడూ రాజకీయాల జోలికి పోనివారూ ఒకే వరుసలో నిలబడవలసి వచ్చింది. నా దృష్టిలో ఇది ఈ చరిత్ర మొత్తంలోనే అన్యాయమైన ఘట్టం.

సరిగ్గా పదేళ్లకు దీనికి పూర్తి విరుద్ధమైన దృశ్యం కనిపిస్తుంది. 1989 జూన్‌లో బీజింగ్‌లోని తియనాన్మెన్ కూడలి వద్ద ప్రజాస్వామ్య ఉద్యమకారులపై సైన్యం జరిపిన కాల్పుల తర్వాత అమెరికా నగరాల్లో చైనా విద్యార్థులు రోడ్లెక్కితే జనం అక్కున చేర్చుకున్నారు. వారిని బలవంతంగా వెనక్కి పంపకుండా 1990లో అధ్యక్షుడు బుష్ ఉత్తర్వు జారీ చేశారు. 1992లో ప్రత్యేక చట్టమే వచ్చి, 50 వేలమందికి పైగా శాశ్వత నివాసం పొందారు. అది మంచి నిర్ణయమే. కాకపోతే, వాళ్లు చేసింది కూడా విదేశీ సమస్యపై విదేశీయుల నిరసనే కదా!

అదే కాలంలో, 1987 జనవరిలో, లాస్‌ఏంజెలెస్‌లో ఏడుగురు పాలస్తీనీయులను, ఒక కెన్యా మహిళను అరెస్టు చేశారు. వారిపై నేరారోపణ ఏదీ లేదు. పాలస్తీనా సంస్థ పత్రికలు పంచారన్నదే అభియోగ సారాంశం. వాళ్లు అమెరికా పౌరులైతే అరెస్టుకు ఆధారమే ఉండేది కాదని అప్పటి ఎఫ్‌బీఐ డైరెక్టర్ విలియం వెబ్‌స్టర్ కాంగ్రెస్ ముందు ఒప్పుకున్నారు. అయినా కేసు 20 ఏళ్లు సాగి 2007లో గానీ ముగియలేదు. ఈ మధ్యలో, 1990 వలస చట్టం మరో ఆయుధాన్ని అందించింది: ఒక విదేశీయుడి ఉనికి దేశ విదేశాంగ విధానానికి చేటు తెస్తుందని విదేశాంగ మంత్రి భావిస్తే అతణ్ని పంపించేయవచ్చు.

2025 మార్చిలో కొలంబియా నిరసనకారుడొకరిపై ప్రయోగించింది ఈ నిబంధననే. శాశ్వత నివాస కార్డున్నా ఆయన వంద రోజులకు పైగా నిర్బంధంలో ఉన్నారు. తన విశ్వవిద్యాలయ పత్రికలో మరి ముగ్గురితో కలిసి పాలస్తీనా పక్షాన వ్యాసం రాసిన టర్కీ విద్యార్థినిని బోస్టన్ శివారులో ముసుగులు ధరించిన అధికారులు నడివీధిలో పట్టుకెళ్లారు. దాదాపు యాభై ఏళ్ల కిందట ముసుగు కట్టుకున్నది నిరసనకారులన్న సంగతి ఇక్కడ గుర్తుకు రాక మానదు.

మరి తెలుగువారి నిరసనల మాటేమిటి? 2023 సెప్టెంబర్‌లో చంద్రబాబు నాయుడి అరెస్టును ఖండిస్తూ అమెరికాలోని పలు నగరాల్లో తెలుగువారు ప్లకార్డులతో నిలబడ్డారు. అంతకుముందు తెలంగాణ రాష్ట్రం కోసమూ అక్కడివారు గళమెత్తారు. అవి ఆ దేశంలో వివాదం కాలేదు, ఎందుకంటే వాషింగ్టన్ విధానాన్ని అవి తాకలేదు.

రాజ్యాంగం ఇచ్చిన వాక్‌స్వేచ్ఛ చట్టబద్ధంగా ఉంటున్న విదేశీయులకూ పౌరులతో సమానంగా వర్తిస్తుందని 2025 సెప్టెంబర్ 30న బోస్టన్‌లో ఫెడరల్ న్యాయమూర్తి విలియం యంగ్ తీర్పు చెప్పారు. కానీ 1990 నాటి నిబంధన చట్టంలోంచి తొలగిపోలేదు. విద్యార్థి వీసా దరఖాస్తుదారులు తమ సోషల్ మీడియా ఖాతాలను అందరికీ కనిపించేలా తెరిచి ఉంచాలని అదే ఏడాది జూన్‌లో వచ్చిన ఆదేశం హైదరాబాద్ కాన్సులేట్‌కూ వర్తిస్తుంది.