అంటువ్యాధుల నిపుణుల వైద్యం: అపోహలు - వాస్తవాలు

అపోహ: మామూలు మందులకు తగ్గని జ్వరానికి ఇంకా పవర్‌ఫుల్ యాంటీబయాటిక్ రాయడమే అంటువ్యాధుల నిపుణుల పని.

వాస్తవం: అంటువ్యాధుల నిపుణులుగా మేము ముందుగా పాత మందుల చీటీలన్నీ వరుసగా పెట్టుకుని, ఏ మందు ఎందుకు మొదలైందో, దేన్ని ఆపవచ్చో చూస్తాము. మూడు వారాలు దాటినా కారణం తేలని జ్వరాలను 1961లో పీటర్స్‌డార్ఫ్, బీసన్ అనే వైద్యులు పరిశీలించినప్పుడు, వాటి వెనుక ఇన్ఫెక్షన్లతోపాటు క్యాన్సర్లు, లూపస్ వంటి, రోగనిరోధక వ్యవస్థ సొంత శరీరంపైనే దాడిచేసే వ్యాధులు కూడా బయటపడ్డాయి. లింఫోమా అనే క్యాన్సర్ వల్ల వచ్చే జ్వరాన్ని ఎంత ఖరీదైన యాంటీబయాటిక్ అయినా నయం చేయలేదు. ఈలోగా అసలు జబ్బుకు చికిత్స ఆలస్యమవుతుంది.

అపోహ: రోగి పరిస్థితి విషమంగా ఉన్నప్పుడు బ్లడ్ కల్చర్ (రక్తంలో బ్యాక్టీరియా ఉందేమో పెంచి చూసే పరీక్ష) కోసం సమయం వృథా చేయకూడదు.

వాస్తవం: సెప్టిక్ షాక్‌లో (ఇన్ఫెక్షన్ తీవ్రమై రక్తపోటు ప్రమాదకరంగా పడిపోయిన స్థితిలో) ఉన్న రోగికి గంటలోపే యాంటీబయాటిక్ పడాలి, అందులో సందేహం లేదు. అయితే కల్చర్‌కు రక్తం తీయడానికి పట్టేది కొద్ది నిమిషాలే. పెద్దవారికి రెండు వేర్వేరు చోట్ల చర్మాన్ని క్రిమినాశక ద్రావణంతో శుభ్రపరిచి, అది ఆరేదాకా ఆగి, ఒక్కో సీసాలో 8 నుంచి 10 మిల్లీలీటర్ల రక్తం నింపాలి. చర్మంపై సహజంగా ఉండే బ్యాక్టీరియా ఒక్క సీసాలోనే పెరిగితే అది చాలావరకు సూదితోపాటు లోపలికి వెళ్లినదే కావచ్చు. స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా మాత్రం ఒక్క సీసాలో కనిపించినా తేలిగ్గా తీసుకోకూడదు. అది గుండె కవాటాలపై, వెన్నుపూసల్లో స్థిరపడగలదు కాబట్టి ఎకో (గుండె స్కాన్) పరీక్ష చేయించాలి, రక్తంలో బ్యాక్టీరియా పోయేవరకు మళ్లీ మళ్లీ కల్చర్ చేయాలి, జ్వరం తగ్గినా కనీసం 14 రోజులు చికిత్స కొనసాగించాలి. ఈ ఇన్ఫెక్షన్‌లో అంటువ్యాధుల నిపుణులు చూసిన రోగుల్లో మరణాలు తక్కువని అనేక అధ్యయనాల్లో తేలింది. నిపుణుల సలహా ఎప్పుడు తప్పనిసరి అని అడిగితే, నేను మొదట చెప్పేది ఈ జబ్బు పేరే.

అపోహ: ఎముకల ఇన్ఫెక్షన్ వంటి పెద్ద జబ్బులు ఇంజెక్షన్లతోనే తగ్గుతాయి.

వాస్తవం: బ్రిటన్‌లో ఎముకలు, కీళ్ల ఇన్ఫెక్షన్లు ఉన్న వెయ్యిమందికి పైగా రోగులపై జరిగి 2019లో వెలువడిన ఓవివా అధ్యయనంలో, మొదటి ఆరు వారాల్లో సరైన మాత్రలు వాడినవారి ఫలితాలు ఇంజెక్షన్లు తీసుకున్నవారికి తీసిపోలేదు. లినెజోలిడ్ వంటి యాంటీబయాటిక్ మాత్రగా వేసుకున్నా దాదాపు మొత్తం రక్తంలోకి చేరుతుంది.

అపోహ: చిన్నప్పుడు పెన్సిలిన్ పడలేదంటే జీవితాంతం పడదు.

వాస్తవం: పెన్సిలిన్ అలర్జీ ఉందన్న ముద్ర ఉన్నవారిని సరిగ్గా పరీక్షిస్తే, పదిమందిలో దాదాపు తొమ్మిదిమందికి అది నిరభ్యంతరంగా పడుతుంది. మందు వేసిన ఎంతసేపటికి ఏమైందో, దద్దుర్లు వచ్చాయో, ఊపిరాడలేదో, వాంతులు మాత్రమే అయ్యాయో వైద్యులకు వివరంగా చెప్పండి. ఈ పరీక్ష ఆసుపత్రి పర్యవేక్షణలోనే జరగాలి. ఇంట్లో సొంతంగా మాత్ర వేసుకుని చూడటం ప్రాణాపాయం.